కట్టెల బండికి కట్టిన గుర్రం

1691 శరత్కాలంలో మసాచుసెట్స్‌లోని సేలం గ్రామంలో పాస్టర్ శామ్యూల్ పారిస్ ఇంట్లో కట్టెలు అడుగంటాయి. ఊరు ఆయనకు ముట్టజెప్పాల్సిన వాటిలో జీతపు సొమ్ముతో పాటు వంటచెరకు కూడా ఉంది. ఆ అక్టోబరులో ఊరి పెత్తనం ఆయనంటే గిట్టనివాళ్ల చేతికి పోయింది. జీతం కోసం పన్ను వసూలు చెయ్యడానికి వాళ్లు ఒప్పుకోలేదు. కట్టెల బండ్లూ రాలేదు. తెల్లారేదాకా కాల్చుకోవడానికి కూడా కట్టె మిగల్లేదని నవంబరులో ఆయన మొరపెట్టుకోవాల్సి వచ్చింది. మరో రెండు నెలలకు అదే ఇంట్లో ఆడపిల్లలు వింతగా ప్రవర్తించడం మొదలైంది. అక్కడినుంచి చరిత్రలో పేరుమోసిన సేలం మంత్రగత్తెల విచారణలు నడిచాయి. వాటికి కట్టెలే కారణమని ఎవరూ అనరు. కాని ఒక పల్లె తన పాస్టర్‌ను సాధించాలనుకుంటే కట్టెలు ఆపితే చాలన్న సంగతి ఒక్కటే అక్కడి చలికాలం ఎలాంటిదో చెబుతుంది.

సేలం ఉన్నది న్యూ ఇంగ్లండ్‌లో, అంటే అమెరికా ఈశాన్య మూలన ఉన్న ఆరు రాష్ట్రాల ప్రాంతంలో. అక్కడ మంచు కురవడం చాలాచోట్ల నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా సాగుతుంది. వలస వచ్చిన తొలి తరాలు కట్టుకున్న ఇళ్లలో గోడకు ఆనించి పెద్ద రాతి పొయ్యి ఉండేది. అందులోంచి పుట్టిన వేడిలో ఎక్కువ భాగం పొగగొట్టంలోంచి ఆకాశంలోకే పోయేది. అందుకే ఒక్కో కుటుంబం ఏడాదికి 30, 40 కార్డుల కట్టెలు తగలబెట్టేదని చరిత్రకారుల లెక్క. కార్డు అంటే నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున పేర్చిన దొంతర. మొత్తం 128 ఘనపుటడుగులు. 40 కార్డుల్ని అదే ఎత్తున, అదే వెడల్పున వరసగా పేరిస్తే దొంతర 320 అడుగుల పొడవు సాగుతుంది. అంత కట్టె కోసం ఏటా ఎకరానికి పైగా అడవి నరకాల్సి వచ్చేది. పచ్చి మేపుల్ కట్టె కార్డు ఒక్కటే రెండు టన్నుల పైచిలుకు తూగుతుంది. అంటే ఒక్క ఇంటి పొయ్యి కోసమే ఏడాదికి అరవై టన్నులకు తగ్గకుండా బరువు అడవిలోంచి వాకిట్లోకి రావాలి.

నరకడం మనిషి పని. ఈడ్చి తేవడం మనిషి వల్ల అయ్యే పని కాదు.

మొదట ఆ బరువు మోసింది ఎడ్లే. తెలుగు రైతుకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. ఎద్దు గడ్డి మేసి బతుకుతుంది, తొందరపడదు, మొద్దు కదలకపోయినా బెదిరి చిందులు తొక్కదు. కాడిని రైతే చెక్కుకోవచ్చు. పనికి రానినాడు దాన్ని బలిపించి కోసుకు తినేవాళ్లు. మన ఎడ్లకూ వాళ్ల ఎడ్లకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మన జాతుల మెడమీద మూపురం ఉంటుంది, కాడి దానికి ఆనుకుని నిలుస్తుంది. యూరప్‌నుంచి వెళ్లిన ఎడ్లకు మూపురం లేదు. అందుకని హికరీ అనే చెట్టు కర్రను ఆవిరి పట్టి వంచి, మెడ కిందనుంచి కాడిలోకి బిగించేవాళ్లు. గిట్ట చీలి ఉంటుంది కనుక ఒక్కో కాలికి రెండు ముక్కల లాడం కొట్టడం మాత్రం ఇక్కడా అక్కడా ఒకటే.

గుర్రానికి మూపురమూ లేదు, చీలిన గిట్టా లేదు. దాని బలం భుజాల్లోనూ వెనక తొడల్లోనూ ఉంది. గొంతుకు అడ్డంగా పట్టీ కడితే బరువు లాగేకొద్దీ ఊపిరికి ఇబ్బంది. భుజాల మీద కూర్చునే మెత్తని మెడపట్టా చైనాలో పుట్టి, సుమారు తొమ్మిది, పది శతాబ్దాల నాటికి యూరప్ చేరింది. లోపల గడ్డి కూరిన తోలు దిండు, దాని చుట్టూ రెండు వంపు కర్రలు, వాటినుంచి వెనక్కి సాగే పట్టీలో గొలుసులో. ఇంతే సరంజామా. గుర్రం తన ఒంటి బరువంతా ముందుకు వాల్చి లాగగలిగింది ఈ దిండు వల్లనే. పట్టా సరిగ్గా అమరకపోతే ఒక్కరోజు పనికే భుజం మీద పుండు పడుతుంది. ఒళ్లు తగ్గిన గుర్రానికి వసంతంలో ఒక పట్టా, ఒళ్లు చేసిన అదే గుర్రానికి శరత్తులో ఇంకో పట్టా వాడిన జాగ్రత్తపరులూ ఉన్నారు. గుర్రాన్ని బాగా చూసుకునే మనిషిని గుర్తుపట్టాలంటే ఆయన మాటలు వినక్కర్లేదు, ఆయన గుర్రం భుజాలు చూస్తే చాలు.

ఎడ్ల చేతిలోని పని గుర్రం చేతికి మారిన కథలో అందరికీ గుర్తుండే పేరు ఫిగర్. 1789లో మసాచుసెట్స్‌లోని వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టిన మగ గుర్రం అది. జస్టిన్ మోర్గన్ అనే సంగీతం మాస్టరు చేతికి వచ్చి, వెర్మాంట్ రాష్ట్రంలోని రాండాల్ఫ్ చేరింది. ఎత్తు 14 చేతులు, అంటే మెడ మొదట్లో సుమారు 142 సెంటీమీటర్లు. బరువు 430 కిలోల చుట్టుపక్కల. బరువులు లాగే బండ గుర్రాల లెక్కలో చూస్తే పొట్టిది. రాబర్ట్ ఎవాన్స్ అనే రైతు అడవి కొట్టి పొలం చేసే పనికి దాన్ని ఏడాదికి 15 డాలర్ల బాడుగకు తీసుకున్నాడు. పగలంతా దుంగలు ఈడ్చి సాయంత్రం అయ్యాక, అంతకుముందు పెద్ద గుర్రాలేవీ కదపలేకపోయిన ఒక దుంగను ఫిగర్ రంపపు మిల్లుకు లాగిందనీ, ఎవాన్స్ పందెం మీద పందెంగా ముగ్గురు మనుషుల్ని ఆ దుంగ మీద ఎక్కించాడనీ ఆ ఊళ్లో చెప్పుకునేవాళ్లు. 1857లో డి.సి. లిన్స్‌లీ మోర్గన్ గుర్రాల మీద రాసిన పుస్తకంలో ఈ కథ అచ్చయింది. చెప్పుకోగా చెప్పుకోగా అందులో కొంత పెరిగి ఉండవచ్చు. 15 డాలర్ల బాడుగ, కట్టెల పని, చిన్న ఒడ్డూపొడుగు మాత్రం నిజం. ఆ ఒక్క గుర్రం సంతతే మోర్గన్ జాతి అయింది. 1961లో వెర్మాంట్ దాన్ని తన రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. ఫిగర్ మాత్రం 1821లో, ఇంకో గుర్రం తన్నిన దెబ్బకు సరైన వైద్యం అందక చచ్చిపోయింది. ఒక రాష్ట్రం పేరు నిలబెట్టిన జంతువు ముసలితనంలో అలా పోవడం చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఎడ్లను గుర్రం ఓడించింది బలంతో కాదు, వేగంతో. ఎద్దు గంటకు మూడు కిలోమీటర్లు నడిచే దారిలో గుర్రం ఐదారు నడుస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో రోడ్లు బాగుపడ్డాయి. పట్నంలో కట్టెలు అమ్ముకుని అదేరోజు ఇల్లు చేరడం కుదిరింది. 1850ల తర్వాత గడ్డికోత యంత్రం వచ్చింది. దాని చక్రాలు వడిగా తిరిగితేనే కత్తి ఆడుతుంది. ఆ వడి ఎద్దుకు లేదు. అయినా రాళ్ల నేలల్లో, నిటారు వాలుల్లో ఎడ్లు మరో రెండు తరాలు గుర్రాల పక్కనే నడిచాయి.

ఈ లోగా కట్టెకు కరువు వచ్చింది. ఒకప్పుడు ఎవరి గడపలో వాళ్లకు దొరికిన కట్టెను ఇప్పుడు కొన్ని పట్నాలకు వంద మైళ్ల దూరంనుంచి తేవాల్సి వస్తోందని 1744లోనే బెంజమిన్ ఫ్రాంక్లిన్ రాశాడు. తాను రూపొందించిన ఇనుప పొయ్యి గుణాలు వివరిస్తూ వేసిన చిన్న పుస్తకంలోని మాట అది. వెర్మాంట్ కొండల్ని పొయ్యిలే కాదు, గొర్రెలూ తిన్నాయి. 1840 జనాభా లెక్కల్లో అక్కడ మనుషులు 2 లక్షల 92 వేలు, గొర్రెలు 16 లక్షల 80 వేలు. శతాబ్దం సగమయ్యేసరికి రాష్ట్రంలో మూడింట రెండు వంతులకు పైగా అడవి పోయింది. అక్కడి వుడ్‌స్టాక్ ఊళ్లో పుట్టిన జార్జ్ పెర్కిన్స్ మార్ష్ బోడికొండల మీదనుంచి మట్టి వాగుల్లోకి కొట్టుకుపోవడం చూస్తూ పెరిగాడు. 1847 సెప్టెంబరులో రట్లండ్ రైతుల సభలో దాని గురించే మాట్లాడాడు. 1864లో ఆయన రాసిన పుస్తకం, మనిషి చేతుల్లో ప్రకృతి ఎలా మారిపోతోందో చెప్పిన తొలి పెద్ద గ్రంథాల్లో ఒకటి. పర్యావరణం అన్న ఆలోచనకు ఒక వేరు ఈ కట్టెల కరువులో ఉంది.

ఇనుప పొయ్యిలు 1830, 40ల్లో ఇంటింటికీ చేరాక కట్టెల వాడకం బాగా తగ్గింది. తగ్గినా, గుర్రం పని తగ్గలేదు.

అక్కడి రైతుకు శరత్కాలం తీరిక కాలం కాదు. ఏడాదంతటిలో నిద్ర తక్కువైన కాలం. సెప్టెంబరు చివర బంగాళాదుంపలు తవ్వాలి. అరకకు కట్టిన గుర్రం సాలు పగలగొడితే పిల్లలు బుట్టల్లో ఏరుకుంటూ వెనకే నడుస్తారు. మొక్కజొన్న కంకులు కోసి కొట్టంలోకి తోలాలి. రాలిన ఆపిల్ పళ్లు రసం తీసే మిల్లుకు చేరాలి. వేసవంతా పేరుకున్న పేడ పొలం మీద చల్లాలి. నేల గడ్డకట్టక ముందే ఒక దుక్కి దున్నేయాలి. చలికి పెళ్లలు విచ్చుకుని వసంతంలో మట్టి మెత్తబడుతుందని ఆ తొందర. దున్నినప్పుడల్లా రాళ్లు బయటపడతాయి. నేలలోని నీరు గడ్డకట్టి ఉబ్బినప్పుడు అవి ఏటా కొంచెం కొంచెం పైకి లేస్తాయి. వాటిని చక్రాల్లేని బల్లబండి మీదికి దొర్లించి గుర్రంతో పొలం గట్టుకు లాగిస్తారు. న్యూ ఇంగ్లండ్ అడవుల్లో ఇవాళ నడిచే మనిషికి చెట్ల మధ్య ఉన్నట్టుండి ఎదురయ్యే రాతి గోడలు అలా లేచినవే. ఇంటి పునాది చుట్టూ రాలిన ఆకులో దేవదారు మండలో దట్టంగా పేర్చి చలిగాలి దూరకుండా కట్టుదిట్టం చెయ్యడం కూడా ఈ నెలల్లోనే.

ఇన్ని పనుల మధ్య కట్టెల కొట్టం నింపాలి. ఈ చలికాలం కాల్చే కట్టె ఈ శరత్తులో కొట్టింది కాదు, కిందటి చలికాలంలో కొట్టి, చీల్చి, వేసవంతా గాలికీ ఎండకూ ఆరబెట్టింది. పచ్చికట్టె కాలిస్తే వేడిలో కొంత దాని తడి ఆర్చడానికే సరి. పైగా పొగగొట్టంలో తారు గడ్డకట్టి ఎప్పుడో ఒకనాడు అంటుకుంటుంది. అందుకే అక్టోబరులో కొట్టంలోని దొంతర చూస్తే ఆ ఇంటి సంసారం ఎలా సాగుతోందో పొరుగువాళ్లకు తెలిసిపోయేది. వంటకు సన్నగా చీల్చిన ఎండు కట్టె, రాత్రంతా నిలిచి కాలడానికి లావు మొద్దు. రెండూ వేరువేరుగా పేర్చేవాళ్లు. వంటింటి పక్కన పెట్టె నిండా కట్టెలు నింపడం పిల్లల వంతు. ఆ పెట్టె ఖాళీగా ఉందంటే సాయంత్రం చీవాట్లు తప్పవు. ఇంటాయన జబ్బుపడ్డా, ఆడమనిషి ఒంటరిగా మిగిలినా, ఊళ్లోవాళ్లు ఒకరోజు గుర్రాలు, గొడ్డళ్లు తీసుకుని వచ్చి ఏడాదికి సరిపడా కట్టె కొట్టి పేర్చి పోయేవాళ్లు. ఆరోజు భోజనం మాత్రం ఆ ఇంటిది.

ఆకులు పూర్తిగా రాలాక గొడ్డలి మళ్లీ లేస్తుంది. ఆకులేని చెట్టు ఎటు పడుతుందో తెలుస్తుంది, ఈగలూ దోమలూ ఉండవు. గడ్డకట్టిన మేపుల్ మొద్దు ఒక్క వేటుకు రెండుగా విచ్చుకుంటుంది. నేల గట్టిపడ్డాక గుర్రం కాలు బురదలో దిగబడదు. మంచు పడ్డాక ఇక పండగే. ఎండాకాలం చక్రాల బండి మీద లాగలేని బరువు మంచుబండి మీద హాయిగా జారిపోతుంది. అందుకే వెర్మాంట్ పల్లెల్లో దారిమీది మంచును తోసేసేవాళ్లు కాదు. గుర్రాలు లాగే పెద్ద చెక్క రోలరుతో అణగదొక్కి గట్టి బాట చేసేవాళ్లు. ఆ బాట మీద జారకుండా చలికాలం మొదట్లోనే గుర్రాలకు మొనలున్న లాడాలు కొట్టించాలి. నవంబరులో కమ్మరి కొలిమి దగ్గర గుర్రాలు బారులు తీరేవి.

అడవిలో గుర్రం చేసే పనిలో అందం ఉంది. తెలివైన గుర్రం రెండు మూడు సార్లు దారి చూస్తే చాలు, ఇక పగ్గాలు పట్టుకునే మనిషి అక్కర్లేదు. చెట్టు పడిన చోట ఒకడు దుంగకు గొలుసు తగిలించి, వెళ్లమని మాట చెబుతాడు. గుర్రం తానే దుంగను ఈడ్చుకుంటూ చెట్ల మధ్య వంపులు తిరిగి, కట్టెలు పేర్చే చోటుకు చేరి ఆగుతుంది. అక్కడ రెండోవాడు గొలుసు విప్పుతాడు, గుర్రం వెనక్కి ఒంటరిగా నడిచి వస్తుంది. దుంగ వేరుకు తట్టుకుంటే ఆగుతుంది. ఒక అడుగు పక్కకు వేసి కొత్త కోణంలో లాగుతుంది. జీ అంటే కుడికి, హా అంటే ఎడమకు, వో అంటే ఆగు. ఇది కొరడాతో నేర్పే విద్య కాదు. బెదిరించి పని చేయించుకున్న గుర్రం వాలులో దుంగ వెంటబడినప్పుడు పరుగు లంకించుకుంటుంది, మనిషి కాలు విరిగేది అక్కడే. మెల్లగా మాట్లాడే మనుషులే అడవిలో ముసలితనం దాకా బతికి బట్టకట్టారు. దుంగను దొర్లించడానికి వాళ్ల చేతిలో ఉండే మొన, కొక్కెం ఉన్న కర్ర పేరు పీవీ. 1850ల చివర మెయిన్ రాష్ట్రంలోని జోసెఫ్ పీవీ అనే కమ్మరి దాన్ని చేశాడు. ఇవాళ్టికీ కలప పనివాళ్లు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు.

కలప కంపెనీల శిబిరాల్లో ఇదే విద్య పెద్ద ఎత్తున సాగింది. రాత్రిపూట నీళ్ల బండితో బాటను తడిపి, తెల్లారేసరికి అద్దంలాంటి మంచుబాట తయారు చేసేవాళ్లు. 1893లో మిషిగన్ అడవిలో ఒక జత గుర్రాలు అలాంటి బాటమీద 50 దుంగల్ని ఒకే బండిలో లాగాయి. ఆ దుంగల్నే షికాగో ప్రపంచ ప్రదర్శనకు తీసుకెళ్లి మళ్లీ పేర్చి చూపించారు. అది చూపించుకోవడానికి వేసిన బరువు. రోజువారీ బరువు అందులో చిన్న భాగమే ఉండేది.

గుర్రం లాగడమే కాదు, కోసేది కూడా. ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్టే, గుర్రాలు ఒక ఇరుసు చుట్టూ తిరిగి నూర్పిడి యంత్రం నడిపేవి. ఇంకో రకం యంత్రంలో గుర్రం ఏటవాలుగా పెట్టిన పలకల పట్టీ మీద నిలబడి నడుస్తుంటుంది. పట్టీ వెనక్కి జారుతుంటుంది, గుర్రం ఉన్నచోటే ఉంటుంది. దాని పక్క చక్రానికి తోలు పట్టా తగిలిస్తే గుండ్రటి రంపం తిరుగుతుంది. వెర్మాంట్‌లోని మిడిల్‌టౌన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో ఎ.డబ్ల్యు. గ్రే, ఆయన తర్వాత ఆయన కొడుకులు ఈ యంత్రాలు చేసి దేశమంతటా అమ్మారు. శరత్తులో ఒక ఇంటి యంత్రం ఇంకో ఇంటికి బాడుగకు పోయేది.

ఈ బతుకంతా గుర్రం కాలి మీద నిలబడి ఉందని 1872 శరత్తు చూపించింది. సెప్టెంబరు చివర కెనడాలోని టొరంటో పరిసరాల్లో గుర్రాలకు ఫ్లూ సోకింది. అక్టోబరులో బోస్టన్, న్యూయార్క్ చేరింది. రైలు ఎంత వేగంగా పోయిందో జబ్బూ అంత వేగంగా పోయింది. చాలా గుర్రాలు కొన్ని వారాల్లో కోలుకున్నాయి. కాని ఆ వారాల్లో ట్రాములు ఆగాయి, బొగ్గు, కట్టెలు, పాలు ఇళ్లకు చేరలేదు. బళ్లు మనుషులే లాగారు. పట్నం ఎప్పుడో మానేసిన ఎడ్లను పల్లెలనుంచి వీధుల్లోకి తోలుకొచ్చారు. నవంబరు 9 రాత్రి బోస్టన్‌లో నిప్పంటుకుంది. మంటలార్పే బరువైన యంత్రాలను చాలాచోట్ల తాళ్లు కట్టి మనుషులే ఈడ్చుకెళ్లారు. 776 భవనాలు కాలిపోయాయి.

ఆ తర్వాతి దశాబ్దాలే అమెరికాలో బండ గుర్రాల మహర్దశ. ఫ్రాన్సులోని పెర్ష్ ప్రాంతపు పెర్షరాన్ జాతి మగ గుర్రం ఒకటి, లూయీ నెపోలియన్ అన్న పేరుతో, 1851లోనే ఒహాయో చేరింది. దాని వెనక బెల్జియన్, క్లైడ్స్‌డేల్, షైర్ జాతులు ఓడలెక్కి వచ్చాయి. ఫిగర్‌కు రెండింతలు బరువున్న గుర్రాలివి. పనిచేసే రోజుల్లో ఒక్కోటి పది పదిహేను కిలోల ఎండుగడ్డి, ఆ పైన ఓట్స్ తినేది. 1920 లెక్కల నాటికి దేశంలోని పొలాల్లో గుర్రాలు, కంచరగాడిదలు కలిపి రెండున్నర కోట్లు. దేశపు పంట భూమిలో దాదాపు నాలుగో వంతు వాటి మేతకే పోయేది.

ఈ చివరి సంగతిలోనే వాటి చావు దాగి ఉంది. ట్రాక్టరు పని చెయ్యని రోజు ఏమీ తినదు. 1917లో తయారవడం మొదలైన ఫోర్డ్‌సన్ ట్రాక్టరు చవగ్గా అమ్మకానికి వచ్చింది. మేత భూమిలో పంట వేసి అమ్ముకోవచ్చని రైతు లెక్క వేసుకున్నాడు. అడవి శిబిరాల్లో అంతకంటే ముందే, 1901లో, మెయిన్‌కు చెందిన ఆల్విన్ లాంబార్డ్ ఆవిరితో, గొలుసు పట్టీల మీద నడిచే ఇంజనుకు పేటెంటు తీసుకున్నాడు. అది చాలా జతల గుర్రాల పని ఒక్కటే చేసేది. 1954 నాటికి అమెరికా పొలాల్లో ట్రాక్టర్ల సంఖ్య గుర్రాలు, కంచరగాడిదల సంఖ్యను దాటింది. అదే ఏడాది దేశం మొత్తం మీద కొత్తగా నమోదైన పెర్షరాన్ గుర్రాలు 85. పని పోయిన లక్షల గుర్రాలు కబేళాలకు వెళ్లాయి. రైతు చేసిన లెక్క తప్పని అనలేం, అప్పుల్లో ఉన్నవాడికి వేరే దారి కనిపించలేదు. కాని ఇరవై ఏళ్లు పక్కన నడిచిన జంతువును కిలోల లెక్కన అమ్మిన తరం బాధను ఆ అంకెల్లో వెతికినా దొరకదు.

పొలంలోంచి పోయిన గుర్రం కట్టెల అడవిలోంచి మాత్రం పూర్తిగా పోలేదు. అందుకు కారణం ప్రేమ ఒక్కటే కాదు. ఇంటి వెనక పది ఇరవై ఎకరాల అడవిలో ఏటా కొన్ని చెట్లే కొట్టాలి, మిగతావి పెరగాలి. భారీ యంత్రం లోపలికి వెళ్లాలంటే ముందు దానికి దారి కొట్టాలి. దాని బరువుకు వేళ్ల మీద మట్టి గట్టిపడుతుంది, మలుపు తిరిగితే లేత చెట్ల బెరడు ఊడిపోతుంది. గుర్రానికి ఆరడుగుల దారి చాలు. వచ్చే ఏడు ఆ దారి మీద ఆకులు కప్పుకుంటాయి. గుర్రానికి పరిమితులున్నాయి. ఎగువకు పెద్ద బరువు లాగలేదు, దూరం ఎక్కువైతే రోజు గడిచిపోతుంది, కలప ధర పడిపోతే కూలి గిట్టదు. పెద్ద వ్యాపారానికి అది సరిపడదు. చిన్న అడవికి దానికంటే మంచి పనిముట్టు ఇప్పటికీ రాలేదన్నది ఈ వ్యాసకర్త నమ్మకం.

గుర్రాల విద్య తెగిపోకుండా కాచినవాళ్లలో ముందు నిలిచేది ఆమిష్ రైతులు. మత నియమం ప్రకారం పొలాల్లో ట్రాక్టరు వాడని ఆ సమాజం మెడపట్టాలు కుట్టేవాళ్లను, లాడాలు కొట్టేవాళ్లను, గుర్రాలు లాగే కొత్త యంత్రాలు చేసేవాళ్లను బతికించుకుంది. 1964లో అయోవాలో మారిస్ టెలీన్ 'డ్రాఫ్ట్ హార్స్ జర్నల్' అనే పత్రిక మొదలుపెట్టాడు. బండ గుర్రాల పని అయిపోయిందని అందరూ అనుకుంటున్న రోజులవి. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేసరికి చమురుతో ఇళ్లు వెచ్చబెట్టుకుంటున్న న్యూ ఇంగ్లండ్ మళ్లీ కట్టెల వైపు తిరిగింది. 1975లో వెర్మాంట్ కాస్టింగ్స్ అనే ఇనుప పొయ్యిల కంపెనీ పుట్టింది. పుట్టింది ఫిగర్ దుంగలు లాగిన రాండాల్ఫ్‌లోనే. పొయ్యిలు పెరిగాక లోయల్లో పొగ కమ్మింది. 1988లో కేంద్ర ప్రభుత్వం పొయ్యిల పొగకు హద్దులు పెట్టింది. కట్టెను పొగడేవాళ్లు ఈ సంగతి దాచకూడదు. ఎండని కట్టె, పాత పొయ్యి కలిస్తే ఊపిరితిత్తులకు చేటే.

ఇవాళ అమెరికాలో కట్టెలతో వెచ్చబెట్టుకునే ఇళ్ల శాతం అన్ని రాష్ట్రాల కంటే వెర్మాంట్‌లోనే ఎక్కువ. అయినా అక్కడ నాలుగింట మూడు వంతుల నేల అడవే. గొర్రెలు పోయాయి, రైతులు పడమరకు వలసపోయారు, వదిలేసిన బీళ్లలో చెట్లు తిరిగి మొలిచాయి.

బోస్టన్, న్యూజెర్సీల్లో ఉంటున్న తెలుగువాళ్లు అక్టోబరు వచ్చిందంటే ఆకుల రంగులు చూడటానికి వెర్మాంట్ దారి పడతారు. మార్ష్ పుట్టిన వుడ్‌స్టాక్‌లో, 1871లో ఫ్రెడరిక్ బిల్లింగ్స్ స్థాపించిన పొలం 1983నుంచి మ్యూజియంగా నడుస్తోంది. అక్కడ బండ గుర్రాలను దగ్గరనుంచి చూడవచ్చు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఒక పూట అక్కడ ఆగండి. మెడపట్టా చేత్తో పట్టుకుని చూడనిస్తారేమో అడగండి, గుర్రం భుజాలు చూడండి. తిరుగుదారిలో ఇళ్ల పక్కన పేర్చిన కట్టెల దొంతరలు కనిపిస్తే, వాటిలో ఎన్ని కార్డులుంటాయో పిల్లల చేత లెక్క కట్టించండి.